ఏడో మెట్టు

పొద్దున ఏడింటికల్లా ఆదిలక్ష్మి వంట చెయ్యడానికి కెల్లర్‌లోకి దిగేది. కెల్లర్ అంటే ఇంటి కింద ఉండే నేలమాళిగ. పన్నెండు మెట్లు దిగితే ఎడమవైపు గదిలో బట్టల మెషిను, కుడివైపు గదిలో ఇల్లంతా వెచ్చబెట్టే ఆయిల్ బాయిలరు. మెట్ల పైన స్విచ్ నొక్కితే బల్బు మూడు నిమిషాలు వెలిగి, దానంతటదే టక్కున ఆరిపోతుంది. కరెంటు పొదుపట. మూడు నిమిషాల్లో ఏ పోపు పూర్తవుతుందో ఆ బల్బు పెట్టినవాణ్ణే అడగాలి.

ఆదిలక్ష్మికి ఆ బాధ లేదు. ఆమె చేతుల్లోంచే వెలుతురు వస్తుంది. పుట్టినప్పటి నుంచీ అంతే. అరచేతుల్లో ఎక్కువ, వేళ్ళ చివర్ల కొంచెం తక్కువ, రెండు చేతులూ కలిపితే నలభై వాట్ల బల్బంత. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో వేలిముద్రల మెషిను ఆ వెలుతురికి రెండుసార్లు తెల్లబోతే, ఆఫీసరు ఒక గుడ్డ ఇచ్చి వేళ్ళు తుడుచుకోమన్నాడు. మూడోసారికి ముద్రలు పడ్డాయి. తొంభై రోజుల వీసా, కూతురి కాన్పుకి వచ్చింది.

వంట కెల్లర్‌లో ఎందుకంటే అదో పెద్ద గోల. కూతురు స్నిగ్ధ, అల్లుడు విశ్వతేజ అంతకు ముందు బోబ్లింగెన్‌లో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు. పై వాటా ఆవిడ తన కోటుకి ఇంగువ వాసన పట్టిందని ఒక ఉత్తరం రాసింది, రెండో ఉత్తరం ఓనరుతో రాయించింది, మూడోది ఖాళీ చెయ్యమని. తర్వాత ఎనిమిది నెలలు ఇళ్ళ కోసం తిరిగి తిరిగి, జిండెల్ఫింగెన్ పక్క ఊళ్ళో ఈ ఇంటి కింది వాటా సంపాదించారు. పైన ఓనరమ్మ ఫ్రావ్ ష్టైమ్లే ఉంటుంది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "మీరు వంట బాగా చేస్తారా?" అని. "ఎక్కువ బ్రెడ్డూ చీజే తింటామండీ," అన్నాడు విశ్వతేజ. చారు లేకపోతే ముద్ద దిగని మనిషి ఆ మాట అన్నాడు, అవసరం అట్లాంటిది.

అలా పోపులూ వేపుళ్ళూ బాయిలరు గదిలోకి చేరాయి. ఒక చిన్న బల్ల, రెండు ప్లేట్ల కరెంటు పొయ్యి. ఆదిలక్ష్మి వచ్చాక రోజూ వంట మొదలైంది. వాసన ఆ గది గోడకున్న గాలి కన్నంలోంచి బయటికి పోయి, తిన్నగా ఓనరమ్మ వంటింటి కిటికీ కిందికి చేరింది. ఒకరోజు ఆమె పెరట్లో నిలబడి ముక్కు ఎగబీల్చడం విశ్వతేజ చూశాడు. ఆ సాయంత్రమే ఆదిలక్ష్మి కనిగిరి నుంచి తెచ్చిన రెండు బొంతల్లో ఒకటి మడిచి కన్నంలో కుక్కాడు, పైన అల్యూమినియం కాగితం పెట్టి నాలుగు వైపులా టేపు వేశాడు. ఆ కన్నం బాయిలరు పీల్చుకునే గాలి కోసం. మూయరాదని కన్నం మీద చిన్న బోర్డు కూడా ఉంది. ఆ బోర్డు బొంత వెనక్కి పోయింది.

డిసెంబరు రెండోవారంలో పాప పుట్టింది. ఐదు వారాలు ముందే వచ్చేసింది, రెండు కిలోలు కూడా లేదు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఈ పాపకి తన ఒళ్ళు తనే వెచ్చగా ఉంచుకునే శక్తి ఇంకా రాలేదు, గది ఇరవై రెండు డిగ్రీలకి తగ్గకూడదు అని. ఇక ఆ ఇంట్లో పాప ఏడుపుకన్నా బాయిలరు చప్పుడే అందరూ చెవులు రిక్కించి వినే చప్పుడైపోయింది. అది ఆగితే ముగ్గురికీ గుండెలు ఆగేవి.

అది ఆగడం మొదలుపెట్టింది.

బాయిలరు పని తీరు అంత కష్టమైందేం కాదు. ముందు ఫ్యాను తిరుగుతుంది, తర్వాత నూనె తుంపరలుగా చిమ్ముతుంది, నిప్పురవ్వ పడుతుంది, మంట అంటుకుంటుంది. మంట అంటుకుందా లేదా అని చూడటానికి లోపల శనగగింజంత గాజు కన్ను ఒకటి ఉంటుంది. కొన్ని సెకన్లలో ఆ కంటికి మంట కనపడకపోతే నూనె ఆపేసి, ఎర్ర బటను వెలిగించి, బిగదీసుకుని కూర్చుంటుంది. ఎవరో ఒకరు వచ్చి బటను నొక్కేదాకా కదలదు.

విశ్వతేజ కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. కారులో ఏం చెడిందో కారే నంబరు రూపంలో చెప్పే ప్రోగ్రాములు రాస్తాడు. "నా బండ్లన్నీ ఇదుగో ఇక్కడ నొప్పి అని చెబుతాయి అత్తయ్యా. ఇది గుడ్లెర్రజేస్తుంది తప్ప నోరు విప్పదు," అనేవాడు, బటను నొక్కుతూ. రెండుసార్లకన్నా ఎక్కువ నొక్కొద్దని నెట్‌లో రాసి ఉంది. అతను ఐదుసార్లు నొక్కాడు. కింద బాయిలరు ఒకసారి దడదడమని వణికి అంటుకుంది. పైన పాపని స్నిగ్ధ తన రవికె లోపల పెట్టుకుని రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చుని ఉంది.

"మెకానిక్‌ని పిలువు," అంది స్నిగ్ధ.

"పిలిస్తే కింద పొయ్యి చూస్తాడు. చూస్తే ఓనరమ్మకి చెప్తాడు. మళ్ళీ ఎనిమిది నెలలు తిరుగుదామా, ఈ పిల్లనేసుకుని?"

స్నిగ్ధ దుప్పటి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. కానీ వారంలో నాలుగోసారి ఆగేసరికి అతనే ఫోను చేశాడు. మూడు రోజుల తర్వాతకి టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరికింది.

మెకానిక్ వచ్చే రోజు పొద్దున్నే పొయ్యీ బల్లా పడగ్గదిలోకి ఎక్కాయి. టేపు ఊడింది, బొంత బయటికొచ్చింది. కన్నంలోంచి చల్లగాలి రివ్వున కొట్టింది. స్నిగ్ధ లావెండర్ స్ప్రే కొట్టి, కిందంతా తుడిచింది. పదింటికి మెకానిక్ హెర్ రోమర్ వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, ఎక్కువ మాట్లాడడు. సూట్‌కేసంత పెట్టె తెరిచి, మోకాళ్ళ కింద చిన్న పరుపు వేసుకుని పనిలోకి దిగాడు.

ముందు ట్యాంకులో నూనె చూశాడు. ఉంది. ఫిల్టరు విప్పాడు, బాగుంది. నూనె చిమ్మే నాజిల్ మార్చాడు, నిప్పురవ్వ పడే కడ్డీల మధ్య ఎడం కొలిచాడు. అప్పుడు గాజు కన్ను బయటికి లాగి విశ్వతేజకి చూపించాడు. దానికి కాటుక పట్టి ఉంది.

"మసి," అన్నాడు. వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. "గాలి చాలకపోతే మంట ఇట్లా పొగ కక్కుతుంది. ఆ కన్నం ఎప్పుడూ తెరిచే ఉంటుందా?"

"ఎప్పుడూ," అన్నాడు విశ్వతేజ.

నన్నడిగితే ఈ కథంతా ఆ ఒక్క మాట దగ్గరే ఉంది. ఆయన అడగాల్సింది అడిగాడు. ఇతను చెప్పాల్సింది చెప్పలేదు. చెడ్డవాడై కాదు. పాప పడుకునే గది పోతుందని భయం.

రోమర్ కన్ను తుడిచి పెట్టాడు. పొగగొట్టంలో ఒక గొట్టం దూర్చి మీటరు చూశాడు. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి, కన్నం తెరిచి ఉంది కాబట్టి. "ఇంత శుభ్రంగా మండే మంటకి అంత మసి ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని తనలో తనే గొణుక్కున్నాడు. బాయిలరు ఒకసారి ఆపి మళ్ళీ వేశాడు, అప్పుడే ఆదిలక్ష్మి కాఫీ పట్టుకుని దిగింది. కప్పు ఆయనకి అందించడానికి బాయిలరు ముందు నుంచి చెయ్యి చాపింది. మంట చూసుకోవడానికి పెట్టిన చిన్న గాజు బిళ్ళ లోంచి ఆ వెలుతురు లోపల పడింది. ఫ్యాను తిరుగుతున్నదల్లా ఆగిపోయి ఎర్ర బటను వెలిగింది.

ఆయన ఆమె చేతులకేసి చూసి, ఆమెని నాలుగడుగులు వెనక్కి జరగమన్నాడు. బటను నొక్కితే మంట అంటుకుంది. దాన్ని ఆపేసి, ఆమెని దగ్గరికి రమ్మని మళ్ళీ వేశాడు. మళ్ళీ ఆగింది.

"మంట పుట్టకముందే వెలుతురు కనపడితే కూడా ఇది ఆగిపోతుంది. తప్పు మంట ఏదో ఉందనుకుంటుంది," అని చెప్పి, తన కాగితం మీద కారణం రాసే చోట 'బయటి వెలుతురు, అమ్మమ్మ' అని రాశాడు. "ఆవిడకి గ్లౌజులు వెయ్యండి. కిందికి రాకపోతే ఇంకా మంచిది."

పోతూ పోతూ మెట్ల పైన గోడకున్న ఎర్ర చట్రం స్విచ్చి ఆదిలక్ష్మికి చూపించాడు. ఏదైనా తేడా వస్తే ఇది కిందికి నొక్కు, బాయిలరు మొత్తం చచ్చిపోతుంది అని సైగలతో చెప్పాడు. ఆమె తల ఊపింది. ఆయన వ్యాను సందు మలుపు తిరగకముందే బొంత మళ్ళీ కన్నంలోకి వెళ్ళింది.

"ఇక మీరు దిగొద్దు అత్తయ్యా. కింద వంట నేను చూసుకుంటా," అన్నాడు విశ్వతేజ. మంచి అల్లుడు. అన్నట్టే ఆఫీసుకి పోయేముందు ఒక కూరా, వచ్చాక ఒక వేపుడూ చేసేవాడు. ఆదిలక్ష్మికి సూపర్‌మార్కెట్ నుంచి నల్ల ఉన్ని గ్లౌజులు తెచ్చాడు. పాప గది వెచ్చగా ఉండాలంటే బాయిలరు ఆగకూడదు, బాయిలరు ఆగకూడదంటే ఆమె చేతులు కనపడకూడదు. ఆమె పొద్దస్తమానం గ్లౌజుల్తోనే ఉండేది. పాపకి నూనె పట్టించే పని స్నిగ్ధ తీసుకుంది.

ఇక్కడ ఆదిలక్ష్మి పుట్టింటి సంగతి చెప్పాలి. కనిగిరి పక్కన వాళ్ళది బావులు తవ్వే కుటుంబం. పాత బావిలో పూడిక తియ్యాలన్నా, మోటారు పడిపోతే తియ్యాలన్నా వాళ్ళనే పిలిచేవాళ్ళు. పాత బావుల అడుగున చెడు గాలి ఉంటుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. అందుకని మనిషి దిగేముందు తాడుకి లాంతరు కట్టి దింపుతారు. అది ఆరిన చోటు దాటి మనిషి దిగడు. ఆదిలక్ష్మి పుట్టాక వాళ్ళ నాన్న లాంతరు మానేశాడు. గంపలో ఆమెని కూర్చోబెట్టి దింపేవాడు. చేతులు చాపి ఉంచేది. చేతులు మసకేస్తే "నాన్నా" అని అరిచేది, పైకి లాగేసేవాడు.

ఆమెకి పదకొండేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం నాన్న ఊళ్ళో లేడు. ఆమె బళ్ళో ఉంది. అన్న బ్రహ్మయ్యకి పంతొమ్మిదేళ్ళు, చెల్లెలు వచ్చేదాకా ఆగలేకపోయాడు. దిగాడు, పలకలేదు. అతని కోసం బాబాయి దిగాడు. బాబాయి కోసం బాబాయి బావమరిది దిగాడు. ఆదిలక్ష్మి పలకా సంచీతో పరిగెత్తుకొచ్చేసరికి ముగ్గురూ లోపలే ఉన్నారు, నాలుగోవాడు నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. ఆమె ఒడ్డున బోర్లా పడుకుని చెయ్యి లోపలికి చాపితే మణికట్టు దాకా ఆరిపోయింది. ఆ నాలుగోవాడి కాళ్ళు పట్టుకుని ఆపింది. ఆ మనిషి ఇప్పటికీ బతికే ఉన్నాడు. బ్రహ్మయ్య సంగతి ఆమె ఎవరికీ చెప్పేది కాదు. కూతురికి కూడా సగమే తెలుసు.

జనవరిలో చలి ముదిరింది. ఓనరమ్మ చెల్లెలింటికి కాన్‌స్టాన్స్ సరస్సు దగ్గరికి పోయింది, మార్చిదాకా రాదు. బాయిలరు ఒక్కసారి కూడా ఆగలేదు. అందరూ సంతోషించారు. స్నిగ్ధకి రోజూ మధ్యాహ్నానికి తలనొప్పి వచ్చేది, నిద్ర చాలక అనుకుంది. విశ్వతేజకి కెల్లర్ నుంచి వచ్చాక వికారంగా ఉండేది, నూనె వాసన అనుకున్నాడు. పాప బాగా నిద్రపోతోంది, ఎంత బుద్ధిమంతురాలో అని ఫోనుల్లో చెప్పుకున్నారు. స్నానానికి గ్లౌజులు తీసినప్పుడు ఆదిలక్ష్మికి చేతులు కొంచెం మసకగా కనపడ్డాయి.

"చెయ్యి ఎందుకో కళ తప్పిందమ్మా," అంది కూతురితో.

"ఎండ లేదు కదమ్మా ఇక్కడ. విటమిన్ డి టాబ్లెట్లు వేసుకో," అంది స్నిగ్ధ. ఆమె వేసుకుంది.

జనవరి ఆఖరి ఆదివారం పాపని ఉయ్యాల్లో వెయ్యాలనుకున్నారు. బయట మైనస్ పదకొండు. పద్నాలుగు మందిని పిలిచారు. విశ్వతేజ తొమ్మిదింటికే మినప్పిండి గిన్నెతో కిందికి దిగి, పైకి వాసన రాకుండా మెట్ల తలుపూ గది తలుపూ రెండూ వేసుకుని గారెలు మొదలుపెట్టాడు. గంటకోసారి ఒక పళ్ళెం పైన పెట్టి మళ్ళీ దిగేవాడు. రెండో పళ్ళెం తెచ్చినప్పుడు మొహం ఎర్రగా ఉంది.

"కూర్చో అయ్యా కాసేపు. నేను చేస్తాలే," అంది ఆదిలక్ష్మి.

"మీరు దిగితే అది ఆగుద్ది అత్తయ్యా. ఇవాళ ఆగకూడదు," అని నవ్వి దిగిపోయాడు. అతను ఆమెతో అన్న ఆఖరి మాట అదే.

పదకొండింటికి మునావర్, అతని భార్య నజ్మున్నీసా వచ్చారు. మునావర్ విశ్వతేజతో పాటు ఫ్యాక్టరీలో చేస్తాడు, హైదరాబాదు మనిషి. ఉయ్యాలకి పూలు కట్టడంలో ఇద్దరూ సాయం పట్టారు.

"ఏడున్నడు మనోడు?" అన్నాడు మునావర్.

"కింద, గారెలు," అంది స్నిగ్ధ. నుదురు నొక్కుకుంటూ అంది.

నజ్మున్నీసా ఫోను పట్టుకుని, "అమ్మమ్మగారూ, ఆ గ్లౌజులు తీసి పాపని ఎత్తుకోండి, ఫొటో తీస్తాను," అంది. ఆదిలక్ష్మి కొంచెం తటపటాయించి తీసింది. చేతులు నూనె అయిపోయిన ప్రమిద ఒత్తుల్లా ఉన్నాయి. ఆమె పాపని ఎత్తుకోలేదు. చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. చలికేమో అనుకుంది, వయసేమో అనుకుంది.

పాయసం గిన్నె బాల్కనీలో ఉంది. ఈ దేశంలో చలికాలం బాల్కనీయే ఫ్రిజ్జు. దాని కోసం తలుపు తీసి బయట అడుగుపెట్టగానే ఆమె చేతులు భగ్గున వెలిగాయి. మంచు మీద వెలుతురు పడింది. లోపలికి వచ్చింది, మసకేశాయి. మళ్ళీ బయటికి పోయింది, వెలిగాయి. మూడోసారి లోపలికొచ్చి, గిన్నె అక్కడే వదిలేసి, చెయ్యి ముందుకి చాపుకుని హాల్లో నడిచింది. ఉయ్యాల దగ్గర కొంచెం ఉంది. వంటింటి గుమ్మం దగ్గర ఇంకొంచెం తగ్గింది. కెల్లర్ తలుపు దగ్గరికి వచ్చేసరికి గోళ్ళ కింద మాత్రం మిగిలింది.

 ఎర్ర చట్రం స్విచ్చి కిందికి నొక్కింది. కింద బాయిలరు చప్పుడు ఆగిపోయింది. అప్పుడు తలుపు తీసి బల్బు వేసింది. మెట్ల అడుగున బాయిలరు గది తలుపు సగం తెరిచి ఉంది. గడప మీద అడ్డంగా రెండు కాళ్ళు, ఒక కాలికి నీలం చెప్పు. బయటికి రావాలని వచ్చి అక్కడ పడిపోయాడు.

"విశ్వతేజా," అని పిలిచింది. పలకలేదు.

చెయ్యి చాపి ఒక్కో మెట్టూ దిగింది. మూడో మెట్టు, నాలుగో మెట్టు. ఆరో మెట్టు మీద నిలబడి చెయ్యి కిందికి దించింది. ఏడో మెట్టు దగ్గర చెయ్యి ఆరిపోయింది. అరవై ఏళ్ళ జీవితంలో రెండోసారి ఆమె తన చెయ్యి మామూలు చెయ్యిగా చూసుకుంది. వెనక్కి ఎక్కింది.

"మునావర్ బాబూ, పాపని బయటికి తీసుకుపోండి. కిటికీలన్నీ తెరవండి. మంటలార్పేవాళ్ళకి ఫోన్ చెయ్యి. కింద చెడు గాలి ఉంది," అంది. గొంతు పెంచలేదు. నజ్మున్నీసా పాపని తన కోటులో చుట్టుకుని చెప్పుల్లేకుండా మంచులోకి పరిగెత్తింది. మునావర్ ఫోనులో అడ్రసు చెబుతూనే పెరట్లోకి పోయి, మంచు తీసే పారతో కెల్లర్ కిటికీ పగలగొట్టి, గాలి కన్నంలో కుక్కి కనపడిన బొంతని లోపలికి పొడిచాడు.

స్నిగ్ధ అప్పటికి తలుపు దగ్గరికి వచ్చింది. కాళ్ళు చూసింది. తిన్నగా మెట్లు దిగబోయింది. ఆదిలక్ష్మి వెనక నుంచి రెండు చేతులూ ఆమె నడుం చుట్టూ వేసి, గుమ్మానికి కాలు తన్నిపెట్టి పట్టుకుంది.

"దిగబాకమ్మా."

"అమ్మా, వదులు. అదుగో, కనపడుతున్నాడు కదా. పన్నెండు మెట్లు. లాక్కొచ్చేస్తా."

"లాక్కురాలేవు తల్లీ. నువ్వూ పడతావు."

"ఊపిరి బిగబట్టి పోతాను. వదలమంటున్నానా."

"మీ మామయ్య కూడా అట్నే అనుకున్నాడు."

టక్కున బల్బు ఆరిపోయింది. ఆదిలక్ష్మి ఒక చెయ్యి వదిలి స్విచ్ నొక్కి, మళ్ళీ పట్టుకుంది. కాళ్ళు అక్కడే ఉన్నాయి. స్నిగ్ధ గోళ్ళతో తల్లి చేతులు రక్కింది, మోచేత్తో పక్కటెముకల మీద పొడిచింది, చివరికి మణికట్టు కొరికింది. పిల్లని కని రెండు నెలలు కాలేదు, ఒంట్లో బలం లేదు, లేకపోతే విడిపించుకునేదే. బల్బు రెండోసారి ఆరింది. మళ్ళీ నొక్కింది. "నువ్వు చంపుతున్నావు ఆయన్ని," అంది స్నిగ్ధ. ఆదిలక్ష్మి ఏడుస్తోంది కానీ చేతులు సడలించలేదు. మూడోసారి బల్బు ఆరబోయే ముందు మాస్కులు పెట్టుకున్నవాళ్ళు నలుగురు వాళ్ళని పక్కకి తోసి దిగారు.

పెరట్లో మంచు మీద పడుకోబెట్టి నలభై నిమిషాలు అతని గుండె నొక్కారు. లేవలేదు. వాళ్ళ పెద్ద ఒకాయన చేతిలో మీటరు చూసి, గాలి చాలని మంట కక్కిన కార్బన్ మోనాక్సైడ్ అని మునావర్‌తో చెప్పాడు. అప్పటికి ఆ గదిలో రెండు మూడు ఊపిర్లు చాలట. ఇంకెవరైనా దిగి ఉంటే వాళ్ళనీ మోసుకొచ్చేవాళ్ళమన్నాడు. మునావర్ ఆ మాట స్నిగ్ధకి చాలా రోజులు చెప్పలేదు.

పాప నాలుగు రోజులు ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉండి బతికింది. పోలీసులు బొంతని ప్లాస్టిక్ సంచీలో పెట్టి తీసుకుపోయారు. హెర్ రోమర్ తన కాగితం కాపీ వాళ్ళకిచ్చి, కన్నం గురించి తను అడిగాననీ, ఏం జవాబు వచ్చిందీ చెప్పాడట. చెప్పి బయట మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడట. విశ్వతేజ అన్న వచ్చి శవాన్ని నరసరావుపేట తీసుకుపోయాడు. పాపకి పాస్‌పోర్టు లేదు కాబట్టి స్నిగ్ధ పోలేకపోయింది. తల్లీకూతుళ్ళు మునావర్ ఇంట్లో ఒక గదిలో ఉన్నారు. స్నిగ్ధ తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు. పాలసీసా కావాలంటే నజ్మున్నీసాని అడిగేది. ఆదిలక్ష్మి ఉన్ని గ్లౌజులు తీసేది కాదు. ఇప్పుడు ఏ బాయిలరూ ఆగదు, ఎవరూ వేసుకోమనలేదు, అయినా వేసుకునే ఉండేది.

ఫిబ్రవరి ఆఖర్లో ఇల్లు అప్పజెప్పాల్సి వచ్చింది. ఆదిలక్ష్మి విమానం ఇంకో నాలుగు రోజుల్లో. పైన సామానంతా మునావర్ పెట్టెల్లో సర్దేశాడు. కెల్లర్‌లోవి మిగిలాయి. "నేను తెస్తాను, మీరు కార్ల కూర్చోండి," అన్నాడు. స్నిగ్ధ వద్దంది. మెట్ల తలుపు తీసి పై మెట్టు మీద నిలబడింది. బల్బు వేసింది. అది మూడు నిమిషాలు వెలిగి ఆరిపోయింది. ఆమె కదల్లేదు. మళ్ళీ వేసింది, మళ్ళీ ఆరిపోయింది.

ఆదిలక్ష్మి వెనకాల నిలబడి ఉంది. స్నిగ్ధ వెనక్కి తిరక్కుండానే చెయ్యి వెనక్కి చాపి తల్లి చెయ్యి వెతికి పట్టుకుంది. గ్లౌజు పట్టుకుని ఒక్కో వేలూ లాగి తీసేసింది. మణికట్టు మీద పళ్ళ గాట్ల మచ్చలు ఇంకా పోలేదు. వెలుతురు మెట్ల మీద పడింది.

ఆదిలక్ష్మి ముందు నడిచింది. చెయ్యి చాపి ఒక మెట్టు, ఇంకో మెట్టు. ఐదు. ఆరు. ఏడో మెట్టు మీద ఆగింది. చెయ్యి వెలుగుతూనే ఉంది. అప్పుడు స్నిగ్ధ ఒక మెట్టు దిగింది.

కింద గదిలో బాయిలరు చల్లగా ఉంది. గాలి కన్నం మీద బోర్డు కనపడుతోంది. మూకుట్లో నూనె గడ్డకట్టి, అందులో ఐదు గారెలు తేలకుండా మునక్కుండా బిగుసుకుపోయి ఉన్నాయి. నీలం చెప్పు ఒకటి పొయ్యి కింద ఉంది. పడేముందు అక్కడే ఊడిపోయినట్టుంది. స్నిగ్ధ వంగి చెప్పు తీసుకుంది. ఆదిలక్ష్మి చెయ్యి ఆ చెప్పు మీద వెలుతురు పడేట్టు పట్టుకుంది.

"నాకింకా కోపంగానే ఉందమ్మా," అంది స్నిగ్ధ. నెల తర్వాత తల్లితో మాట్లాడిన మొదటి మాట.

"ఉండనీ తల్లీ. నువ్వుంటే చాలు."

పైన కారులో నజ్మున్నీసా ఒళ్ళో పాప లేచి ఏడవడం పగిలిన కిటికీలోంచి వినపడింది. గట్టిగా, కోపంగా ఏడుస్తోంది. ఇద్దరూ మూకుడు చెరోవైపూ పట్టుకుని మెట్లెక్కారు.